“తండ్రి నాకంటె గొప్పవాడు” అన్న యేసును దేవుడని ఎలా ఒప్పుకోను?

హైదరాబాద్‌లో ఉంటున్న ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 31. పుట్టి పెరిగింది కృష్ణా జిల్లాలో, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో. తండ్రి రిటైర్డ్ టీచరు, పాస్టరేట్ కమిటీ సభ్యుడు, ఊళ్లో సండే స్కూల్ ఆయన చేతిమీదుగానే నడుస్తోంది. ఈమె కూడా పెళ్లయ్యాక తాము వెళ్లే చర్చిలో పిల్లలకు పాఠాలు చెబుతున్నారు. రెండేళ్ల కిందట మొదటి కాన్పు ఐదో నెలలో పోయింది. చర్చి నుంచి ఒక్కరూ గడప తొక్కలేదు. అదే అపార్ట్‌మెంట్‌లో ఉండే ఇద్దరు యెహోవా సాక్షుల స్త్రీలు మాత్రం రోజూ క్యారేజీ తెచ్చి, పక్కన కూర్చుని వెళ్లేవారు. తర్వాత వాళ్లతో వారానికో గంట బైబిలు స్టడీ మొదలైంది.

ఏడాది తిరిగేసరికి ఆమె నమ్మకం కదిలింది. యేసు దేవుని కుమారుడే కాని దేవుడు కాడనీ, దేవుడు మొట్టమొదట సృష్టించినవాడనీ, ప్రధానదూత మిఖాయేలు ఆయనేననీ, త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న సిద్ధాంతం) 325లో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ పెట్టించిందనీ వాళ్లు వాక్యాలు తీసి చూపించారు. తండ్రికి చెబితే ఆయన ఇంగ్లిష్ బైబిలు తెరిచి 1 యోహాను 5:7 చదివి, “ఇంక ప్రశ్న వద్దు” అన్నారు. ఆ పుస్తకాలు బయట పారేశారు. తమ్ముడు ఇంకో దారిలో ఉన్నాడు. ‘యేసు నామం’ సంఘంలో మళ్లీ బాప్తిస్మం తీసుకుని, “యేసే తండ్రి, యేసే పరిశుద్ధాత్మ” అంటున్నాడు. ఇప్పుడామెకు ఐదు నెలల పాప. వచ్చే నెల బాప్తిస్మం. అత్తగారు బంధువులందరికీ చెప్పేశారు. భర్త “నీ ఇష్టం, అమ్మ ముందు గొడవ మాత్రం వద్దు” అంటున్నాడు. “ఒకే ఇంట్లో ముగ్గురు యేసులున్నారు. విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు నాకు నోరు పెగలడం లేదు. పాపకు బాప్తిస్మం ఇప్పించాలా, మానాలా?” అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరంలో రెండు సంగతులు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. యేసు ఎవరు అన్నది ఒకటి. కష్టంలో మీ పక్కన ఎవరు నిలబడ్డారు అన్నది రెండోది. ఆ ఇద్దరు స్త్రీలు చేసింది చాలా మంచి పని. మీ చర్చి చేసింది తప్పు. కాని క్యారేజీ తెచ్చినవాళ్లు చెప్పిన సిద్ధాంతం దానివల్ల నిజమైపోదు, గడప తొక్కనివాళ్లు చెప్పింది అబద్ధమూ కాదు. మీరు తూచవలసింది వాక్యాలను. నేను సంఘపు పాత నిర్ణయం వైపు మొగ్గేవాణ్ణే. ఆ సంగతి ముందే తెలిస్తే, నా మాటల్ని కూడా మీరు తూచుకుని చదవగలరు.

మీకు చూపించిన వాక్యాలు కొత్తవి కావు. సామెతలు 8:22, కొలొస్సయులకు 1:15, యోహాను 14:28, మార్కు 13:32. అలెగ్జాండ్రియా సంఘంలో ప్రెస్బిటరుగా, అంటే పాస్టరుగా ఉన్న అరియస్, అతని పక్షంవాళ్లు నాలుగో శతాబ్దంలో ఎత్తి చూపినవి ఇవే. “కుమారుడు లేని ఒకప్పుడు ఉండేది” అన్నది వాళ్ల నినాదం. అంటే 325లో నీసియా పట్టణంలో సభగా కూర్చున్న బిషప్పులకు ఈ వాక్యాలు తెలియక కాదు. ఇవి చేతిలో ఉండగానే వాళ్లు కుమారుడు ‘తండ్రితో ఒకే తత్వం’ గలవాడని ప్రమాణంలో రాశారు. ఎందుకన్నది చూద్దాం.

కొలొస్సయులకు 1:15లో “సర్వసృష్టికి ఆదిసంభూతుడు” అని ఉంది కాబట్టి సృష్టిలో మొదటివాడు అని మీకు చెప్పారు. 89వ కీర్తన 27వ వచనం తీయండి. యెష్షయికి ఎనమండుగురిలో చివరివాడైన దావీదును దేవుడు జ్యేష్ఠునిగా చేస్తానంటాడు. అక్కడ మాట హోదా గురించి, పుట్టిన వరస గురించి కాదు. తర్వాత వెంటనే కొలొస్సయులకు 1:16 చదవండి. సర్వమూ ఆయనయందు సృజింపబడింది అంటుంది. సాక్షుల సొంత అనువాదం అక్కడ “మిగతావన్నీ” అనే అర్థం వచ్చే మాట చేర్చుకుంది. గ్రీకులో ఆ మాట లేదు. చేర్చకపోతే వాళ్ల అర్థం నిలబడదు.

యోహాను 1:1 యేసును ‘వాక్యము’ అని పిలిచి, “వాక్యము దేవుడై యుండెను” అంటుంది. అక్కడ చివరి ‘దేవుడు’ ముందు గ్రీకు ఉపపదం (ఇంగ్లిష్ ‘the’ లాంటి మాట) లేదు కాబట్టి “ఒక దేవుడు” అని చదవాలన్నారు. ఉపపదం లేదన్నది నిజమే. కాని అదే అధ్యాయం 6, 12, 13, 18 వచనాల్లో కూడా ఆ పదానికి ఉపపదం లేదు. అక్కడ వాళ్లు “ఒక దేవుడు” అని రాయలేదు. ఒకే చోట ఒక సూత్రం, పక్కన ఇంకోటి. పైగా యోహాను అక్కడ ఉపపదం పెట్టి ఉంటే వాక్యమూ తండ్రీ ఒకే వ్యక్తి అయ్యేవారు, మీ తమ్ముడి వాదం గెలిచేది. “వాక్యము దేవునియొద్ద ఉండెను” అన్న ముక్క మీ తమ్ముడికి అడ్డం. “వాక్యము దేవుడై యుండెను” అన్న ముక్క మీ స్నేహితురాళ్లకు అడ్డం. రెండూ ఒకే వచనంలో ఉన్నాయి.

“తండ్రి నాకంటె గొప్పవాడు” అన్నదానికి సంఘంలో రెండు జవాబులున్నాయి. తూర్పున బిషప్పు నాజియాంజస్ గ్రెగరీ చెప్పింది ఒకటి: కుమారుడు తండ్రి నుంచి కలిగినవాడు, ఆ మూలం అనే లెక్కలో తండ్రి గొప్ప, స్వభావంలో సమానం. పశ్చిమాన బిషప్పు అగస్టీన్ ఫిలిప్పీయులకు 2వ అధ్యాయం పట్టుకున్నాడు: దేవుని స్వరూపంలో సమానుడు, దాసుని స్వరూపంలో తక్కువవాడు, యేసు ఆ మాట అన్నది సిలువ ముందు రాత్రి, దాసుని స్వరూపంలో ఉండి. నాకు రెండోది ఎక్కువ నచ్చుతుంది. మొదటిది కూడా తీసిపారేసేది కాదు.

అసలు కష్టమైన వాక్యం మార్కు 13:32. ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదు, “కుమారుడైనను ఎరుగరు” అని యేసే అన్నాడు. దీన్ని తేలిగ్గా దాటేసే బోధకుణ్ణి నమ్మకండి. నీసియా పక్షాన నిలిచిన అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్ జవాబు, మనిషిగా ఆయనకు తెలియదు, వాక్యంగా తెలుసు అని. వినడానికి బాగానే ఉంటుంది. కాని ఒకే మనిషి లోపల తెలిసినవాడొకడు, తెలియనివాడొకడు అన్నట్టు వినిపిస్తుంది. ఈ ఇబ్బంది వంద ఏళ్లకు పైగా నలిగి 451లో చాల్సెడాన్‌లో జరిగిన బిషప్పుల సభ దాకా వెళ్లింది. రెండు స్వభావాలు, ఒకే వ్యక్తి. ఆ స్వభావాలు కలగాపులగం కావు, మారవు, చీలవు, విడిపోవు. గమనించారా, ఆ సభ నాలుగు ‘కాదు’లు చెప్పి ఊరుకుంది. ఎలా అన్నది చెప్పలేదు. ఆ మాట కూడా అందరూ ఒప్పుకోలేదు. ఈజిప్టు కాప్టిక్ సంఘం, కేరళలోని మలంకర సిరియన్ ఆర్థడాక్స్ వాళ్లు నేటికీ చాల్సెడాన్‌ను అంగీకరించరు. అయినా వాళ్లు నీసియా ప్రమాణం ప్రతి ఆరాధనలో చెబుతారు. యేసు దేవుడా అన్నది వాళ్ల గొడవ కాదు. దేవుడు మనిషైనప్పుడు ఏం జరిగింది అన్నది వాళ్ల గొడవ.

ఇప్పుడు రెండో వైపు చూడండి. నా మొగ్గుకు కారణం ఇక్కడే ఉంది. యెషయా 45:23లో దేవుడు, ప్రతి మోకాలూ నా ముందు వంగుతుందని తన మీద తాను ఒట్టుపెట్టుకుని చెబుతాడు. అంతకుముందు వచనమే “నేనే దేవుణ్ణి, వేరొకడు లేడు” అంటుంది. పౌలు సరిగ్గా ఆ మాటలు తీసి ఫిలిప్పీయులకు 2:10లో యేసు నామానికి వాడాడు. పౌలు ధర్మశాస్త్రం చదువుకున్న యూదుడు. ఆ వాక్యం ఎవరిదో తెలియకుండా వాడలేదు. ఇక ప్రకటన గ్రంథం. 19:10లో, మళ్లీ 22:9లో యోహాను దూతకు మొక్కబోతే “వద్దు, దేవునికే నమస్కారము చేయుము” అని దూత ఆపుతాడు. అదే గ్రంథం 5వ అధ్యాయంలో గొర్రెపిల్లకు (అంటే యేసుకు), సింహాసనం మీదున్నవానికి కలిపి సృష్టి అంతా స్తోత్రం చెబుతుంది, ఎవరూ ఆపరు. యేసు ప్రధానదూత అయితే ఈ తేడా ఎందుకు? హెబ్రీయులకు 1వ అధ్యాయం మొత్తం రాసిందే కుమారుణ్ణి దూతల లెక్కలో వేయవద్దని చెప్పడానికి. మీ స్నేహితురాళ్లకు వీటన్నిటికీ జవాబులు ఉంటాయి. అడిగి వినండి. విన్నాక మీరే తూచుకోండి.

కాన్‌స్టంటైన్ సంగతి మాత్రం తేల్చి చెప్పగలను, ఇది చరిత్ర కాబట్టి. 325కి రెండొందల ఏళ్ల ముందే, సుమారు 112లో, చిన్న ఆసియాలో గవర్నరుగా ఉన్న ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కు ఉత్తరం రాశాడు: క్రైస్తవులు తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవుడిలా ఎంచి కీర్తన పాడుతున్నారని. ప్లినీ క్రైస్తవుడు కాదు, వాళ్లను విచారిస్తున్నవాడు. దాదాపు ఆ కాలంలోనే అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ తన ఉత్తరాల్లో యేసును “మన దేవుడు” అని రాశాడు. కాన్‌స్టంటైన్ సభ పిలిచింది నిజం, ఒత్తిడి పెట్టింది నిజం. సంతకం చేయని ఇద్దరు లిబియా బిషప్పులనూ అరియస్‌నూ వెళ్లగొట్టిందీ నిజం. కాని తర్వాత ఆయనే మెత్తబడ్డాడు. 337లో చనిపోయే ముందు బాప్తిస్మం తీసుకున్నది అరియస్ పక్షం కొమ్ముకాసిన నికోమీడియా యుసేబియస్ చేతిమీదుగా. ఆయన కొడుకు కాన్‌స్టాంటియస్ నీసియాకు వ్యతిరేకి. నీసియా కోసం నిలబడిన అథనేసియస్ అయిదుసార్లు దేశం విడిచిపోవలసి వచ్చింది. రాజు బలంతోనే నిలిచిన సిద్ధాంతమైతే, తర్వాతి నలభై యాభై ఏళ్లలో పోవలసినది నీసియాయే. మనం ఇప్పుడు చెప్పే ప్రమాణం 381లో కాన్‌స్టాంటినోపుల్ సభతో ముడిపడిన రూపం.

మీ నాన్నగారు చూపిన 1 యోహాను 5:7 గురించి కూడా నిజం చెప్పాలి. పరలోకంలో సాక్ష్యమిచ్చువారు ముగ్గురు, ఆ ముగ్గురు ఒక్కటే అన్న ఆ వాక్యం కింగ్ జేమ్స్ బైబిలులో ఉంది. పాత గ్రీకు ప్రతుల్లో లేదు. పండితుడు ఎరాస్మస్ 1516లో, 1519లో అచ్చువేసిన గ్రీకు కొత్త నిబంధనల్లో అది లేదు, 1522లో చేర్చాడు. మన తెలుగు బైబిలు తెరిచి చూడండి, అక్కడ ఆత్మ, నీళ్లు, రక్తం మాత్రమే కనిపిస్తాయి. కాబట్టి ఆ వాక్యాన్ని మీ నాన్నగారు వాడకపోవడమే మంచిది. త్రిత్వం దాని మీద ఆధారపడలేదు, నీసియావాళ్లు దాన్ని వాడనే లేదు.

తమ్ముడి సంగతి క్లుప్తంగా. అతనిది అరియస్‌కు పూర్తిగా ఎదురు కొస. మూడో శతాబ్దపు సబెల్లియస్ పేరుతో పిలిచే పాత ఆలోచన అది: ఒకే దేవుడు మూడు వేషాల్లో. ఈ కాలంలో 1913, 1914 ప్రాంతాల్లో అమెరికా పెంతెకొస్తు సభల్లో మళ్లీ లేచింది. 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకొస్తు సంఘం త్రిత్వం వైపు తీర్మానించాక వాళ్లు విడిపోయారు. అతనికి చిక్కు ప్రార్థన దగ్గర వస్తుంది. గెత్సేమనేలో యేసు ఎవరికి ప్రార్థించాడు? యోహాను 17:5లో “లోకము పుట్టకమునుపు నీయొద్ద” తనకున్న మహిమ అంటాడే, ఆ ‘నీ’ ఎవరు? ఒక చిన్న మాట, నవ్వుకోండి. సండే స్కూల్లో త్రిత్వానికి నీరు, మంచు, ఆవిరి అని పాఠం చెబుతారు చూశారా, మీ నాన్నగారూ చెప్పే ఉంటారు. అది సరిగ్గా మీ తమ్ముడి సిద్ధాంతమే. ఒకే నీరు ఒకసారి మంచు, ఇంకోసారి ఆవిరి. మీరు పాఠం చెబితే అది మానేయండి. యొర్దానులో యేసు బాప్తిస్మం కథ చెప్పండి. కుమారుడు నీళ్లలో, ఆత్మ పావురంలా దిగుతూ, తండ్రి స్వరం ఆకాశం నుంచి, ముగ్గురూ ఒకే క్షణంలో. పిల్లలకు అంత చాలు.

ఇక మీరు ఏం చేయవచ్చో చూద్దాం. వచ్చే నెలలోపు యేసు ఎవరో తేల్చుకోవాలని లేదు. సంఘానికే శతాబ్దాలు పట్టింది. మీ మీదున్న తొందర తేదీది, నమ్మకానిది కాదు. రెండింటినీ విడదీయండి.

మీకు తెలియకపోవచ్చు, 1947లో సీఎస్ఐ ఏర్పడినప్పుడు రాసుకున్న రాజ్యాంగంలోనే ఒక మాట ఉంది. అపొస్తలుల ప్రమాణం, నీసియా ప్రమాణం రెండింటిలోని మూల సత్యాలను సంఘం అంగీకరిస్తుంది, కాని ప్రతి వ్యక్తీ అందులోని ప్రతి పదానికీ ప్రతి వాక్యానికీ సమ్మతి చెప్పాలని కోరదు, సహేతుకమైన అర్థం చెప్పుకునే స్వేచ్ఛను కాదనదు. ‘తండ్రితో ఒకే తత్వం’ అన్నచోట నోరు ఆగిపోయినందుకు మీరు సంఘానికి బయటివారైపోలేదు. తెలుగువాడైన పండిపెద్ది చెంచయ్య (1886–1959) ఈ పాత సూత్రాలతో తృప్తిపడకుండా, యేసు కొత్త సృష్టికి మొదలు అన్నచోట నుంచి ఆలోచించాడు. సంఘంలో ఉండే అలా ఆలోచించాడు. అయితే ఆ స్వేచ్ఛకు హద్దు ఉంది. “యేసు సృష్టింపబడిన దూత” అన్నది పదం దగ్గర పేచీ కాదు, మూల సత్యాన్నే కాదనడం. మీరు అక్కడికి చేరారా, ఇంకా దారిలో ఉన్నారా అన్నది మీరే చెప్పాలి. ఉత్తరం చదివితే దారిలో ఉన్నట్టే కనిపిస్తోంది.

పాప బాప్తిస్మానికి మూడు దారులున్నాయి. తేదీ ప్రకారం జరిపించడం ఒకటి. బాప్తిస్మపు క్రమంలో సాధారణంగా చెప్పించేది అపొస్తలుల ప్రమాణం. దేవుని అద్వితీయ కుమారుడు, మన ప్రభువు అంటుంది. మీకు అడ్డుపడుతున్న తత్వం మాట అందులో లేదు. దాన్ని మీరు మనస్ఫూర్తిగా చెప్పగలరేమో ఇంట్లో ఒంటరిగా చదివి చూడండి. అయితే బాప్తిస్మం ఇచ్చేది తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో అన్నది మరవకండి. రెండోది, ప్రమాణాలు మీ భర్తా పాప గాడ్‌పేరెంట్సూ చెప్పడం, మీరు పక్కన మౌనంగా నిలబడటం. ఇది అయ్యగారికి (మీ పాస్టరుకు) ముందే చెప్పి చేస్తే నిజాయితీ. చెప్పకుండా పెదవులు కదిపితే అది మిమ్మల్ని ఏళ్ల తరబడి తింటుంది. మూడోది, వాయిదా వేసి, ఆ రోజు కృతజ్ఞతా ప్రార్థన మాత్రం చేయించుకోవడం. సీఎస్ఐలో పిల్లల బాప్తిస్మమూ ఉంది, ఎదిగాక తీసుకునే బాప్తిస్మమూ ఉంది, కాబట్టి అయ్యగారికి ఇది వింత కాదు. ఖరీదు ఎక్కడంటే, అత్తగారి దగ్గర. బంధువులను పిలిచాక కారణం చెప్పాలి, ఆ కారణం మీ భర్త నోటినుంచి రావాలి. “గొడవ వద్దు” అన్న మనిషి ఆ భారం మోస్తాడా? ముందు అది అడిగి చూసుకోండి.

ఇంకో సంగతి మీ భయం కొంత తగ్గిస్తుంది. రేపు మీరు యెహోవా సాక్షి అయినా, పాపకు ఇప్పుడిచ్చిన బాప్తిస్మం దానికి అడ్డం రాదు, వాళ్లు పసిపిల్లల బాప్తిస్మాన్ని లెక్కలోకి తీసుకోరు. మీరు సీఎస్ఐలోనే ఉంటే అది ఎప్పటికీ చెల్లుతుంది, మళ్లీ ఇవ్వరు. అందుకే, తమ్ముడు మళ్లీ బాప్తిస్మం తీసుకోమంటే, అది అతని సంఘంలో చేరడమేనని తెలిసి జవాబు చెప్పండి.

స్టడీ మానాలా? మానమని నేను చెప్పను. పద్ధతి మార్చమంటాను. ఆ పుస్తకాల్లో ప్రశ్నలుంటాయి, జవాబులు చాలావరకు అక్కడి పేరాల్లోనే ఉంటాయి. వాక్యాలు ఒక్కొక్కటి ఒక్కో చోటనుంచి వస్తాయి. దానికి బదులు ఒక సువార్త మొదటినుంచి చివరిదాకా కలిసి చదువుదాం అనండి. యోహాను 21 అధ్యాయాలు, వారానికి మూడు చొప్పున ఏడు వారాలు. నోట్‌బుక్కులో ఎడమ పేజీలో యేసు తండ్రికి లోబడినట్టు చెప్పే వచనాలు, కుడి పేజీలో దేవునికి మాత్రమే చెందినవి ఆయనకు ఇచ్చినవి రాయండి. ప్రతి వివరణనూ ఒక్కటే అడగండి: ఇది రెండు పేజీల్లో దేన్ని వదిలేస్తోంది? వాళ్లు ఒప్పుకోకపోతే మీరొక్కరే చదవండి.

ముందున్న మెట్లు కూడా తెలియాలి. స్టడీ తర్వాత రాజ్య మందిరంలో (వాళ్ల ఆరాధన స్థలం) కూటాలు, తర్వాత ఇంటింటి ప్రచారం, తర్వాత బాప్తిస్మం. దానికి ముందు పాత సంఘంతో తెంపుకోవాలి. బాప్తిస్మం దాకా ఎప్పుడైనా వెనక్కి రావచ్చు. బాప్తిస్మం తీసుకున్నాక వదిలిపెట్టి బయటికొస్తే లోపలివారు మీతో మాటలు, మెలగడం మానేస్తారు. పుట్టినరోజులు, క్రిస్మస్ ఉండవు. ప్రభు భోజనం ఏడాదికి ఒక్కసారి, అదీ చాలామంది రొట్టె, ద్రాక్షరసం ముట్టకుండా పక్కవారికి అందిస్తారు. అన్నిటికంటే పెద్దది రక్తం. ఇతరుల రక్తం, ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు ఎక్కించుకోరు. మీకు ఒక గర్భం పోయింది, ఒక కాన్పు అయ్యింది. ఇంకో కాన్పులో రక్తస్రావమైతే, లేక పాపకే అవసరమైతే, ఏం చేస్తారో మీరూ మీ భర్తా స్టడీ ఇంకో మెట్టు ఎక్కకముందే కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ స్త్రీలను కూడా సూటిగా అడగండి, దాచరు.

వాళ్ల స్నేహం స్టడీతో ముడిపడిందా కాదా అన్నది కూడా ఇప్పుడే తెలుస్తుంది. “రెండు నెలలు స్టడీ ఆపుతాను, మీరు మాత్రం రండి, టీ తాగుదాం” అని చూడండి.

నాన్నగారితో వాదన పెట్టుకోకండి, వాక్యానికి వాక్యం అంటే ఇద్దరూ ఓడిపోతారు. “నాన్నా, యేసుప్రభువును నేను వదల్లేదు. ఆయన ఎవరో గట్టిగా తెలుసుకోవాలని చదువుతున్నాను. మీరు నాతో యోహాను సువార్త చదువుతారా?” అని అడగండి. కోప్పడవచ్చు. కోప్పడినా, సండే స్కూల్ నడిపే మనిషి ఆ పిలుపును చాలాకాలం కాదనలేడు. మీ సండే స్కూల్ క్లాసును మాత్రం ఒక మూడు నెలలు ఇంకొకరికి అప్పగించండి. ఇంట్లో పాప చిన్నది అన్న కారణం చాలు, అది నిజమే కూడా.

బాప్తిస్మానికి కనీసం రెండు వారాల ముందు మీరూ మీ భర్తా కలిసి అయ్యగారి ఇంటికి వెళ్లండి. ఫోనులో తేలే మాట కాదిది. గర్భం పోయినప్పుడు ఎవరూ రాలేదన్నది కూడా ఆయనకు చెప్పండి. చెబితేనే తెలుస్తుంది, ఆయనే రావలసినవాడు కూడా. ప్రమాణంలో మీకు అడ్డుపడుతున్న మాట ఏదో కాగితం మీద రాసుకెళ్లి చూపించండి. మీరు ఆ మూడు దారుల్లో దేని వైపు మొగ్గుతున్నారో అప్పుడే చెప్పేయండి, తేదీ మార్చాలంటే రిజిస్టరులో పేరు ఎక్కకముందే మార్చడం తేలిక.